"చుట్టము మ్రొక్కిన" దగ్గర "ము" గురువా, లఘువా?

మణిపూస
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. బడి పరీక్షలో ఈ సుమతీ శతక కంద పద్యం ఇచ్చి గణవిభజన చేయమన్నారు. అంటే గురువులు (రెండు మాత్రల కాలం పట్టే అక్షరాలు), లఘువులు (ఒక మాత్ర పట్టేవి) గుర్తించి, గణాలనే చిన్న గుంపులుగా విడదీయడం.

అక్కరకు రాని చుట్టము
మ్రొక్కిన వరమీని వేల్పు మోహరమునఁ దా
నెక్కినఁ బారని గుఱ్ఱము
గ్రక్కున విడువంగవలయు గదరా సుమతీ

పిల్ల "చుట్టము" కింద గురువు, లఘువు, లఘువు పెట్టి భగణం అని రాసింది. దిద్దినవాళ్ళు "ము" మీద గురువు గుర్తు పెట్టి మార్కు కొట్టేశారు. ఎందుకని అడిగితే, "తర్వాత మ్రొ ఉంది కదా, సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు, పుస్తకంలోనే ఉంది" అన్నారట. సూత్రం నిజంగానే పుస్తకంలో ఉంది. కానీ అలా లెక్కేస్తే ఆ గణం గురువు, లఘువు, గురువు, అంటే రగణం అవుతుంది. కందంలో రగణం రాదని కూడా అదే పుస్తకంలో ఉంది! మూడో పాదం చివర "గుఱ్ఱము / గ్రక్కున" దగ్గరా ఇదే గొడవ. ఇన్ని తరాలు నేర్చుకున్న పద్యం రెండు చోట్ల ఛందస్సు తప్పిందంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. మార్కు పోతే పోయింది, పిల్లకి ఏం చెప్పాలో తెలియాలి.

నల్లమల
లఘువే. పద్యంలో తప్పు లేదు. పిల్ల రాసింది రైటు.

డాలస్_బాబు
నల్లమల గారూ, అంత సింపుల్‌గా తేల్చేస్తే ఎలా? "పుణ్య"లో "పు" గురువు, "విశ్వ"లో "వి" గురువు, "భద్ర"లో "భ" గురువు. మరి ఇక్కడ మాత్రం ఎందుకు కాదు? కందానికి కుదరదు కాబట్టి లఘువు అనేస్తే అది కారణం అవుతుందా?

పాతబడి_పంతులు
బాబూ, మీరు ఇచ్చిన మూడు ఉదాహరణల్లోనూ ఆ రెండు అక్షరాలు ఒకే మాట లోపల ఉన్నాయి. చిక్కు అక్కడే విడిపోతుంది.

నోటితో అని చూడండి. "విశ్వ" అన్నప్పుడు "విశ్" దగ్గర నాలుక నొక్కుకుని, తర్వాత "వ" వస్తుంది. ఆ నొక్కే "వి"ని గురువు చేస్తోంది. "చుట్టము మ్రొక్కిన" అన్నప్పుడు "చుట్టముమ్ రొక్కిన" అని ఎవరూ అనరు. "ము" తేలికగా జారిపోతుంది. తెలుగులో విడివిడి మాటల మధ్య ఆ సూత్రం పనిచేయదు. రెండో మాట సంయుక్తాక్షరంతో మొదలైనా మొదటి మాట చివరి హ్రస్వం లఘువుగానే ఉంటుంది.

సంస్కృత సమాసం అయితే లెక్క మారుతుంది. "రాజప్రాసాదము"లో "జ" గురువు, ఎందుకంటే అది సమాసం, ఒకే మాట కింద లెక్క. "రాజు ప్రాసాదము" అని విడిగా అంటే "జు" లఘువు.

పాఠ్యపుస్తకాల్లో సూత్రాన్ని ఒక్క వాక్యంలో ముగించేస్తారు. ఈ రెండో సగం చెప్పరు. నేను పాఠం చెప్పిన రోజుల్లో దీనికి ఈ పద్యాన్నే వాడేవాణ్ణి, ఇందులో ఆ సందర్భం రెండు సార్లు వస్తుంది కాబట్టి.

మణిపూస
పంతులు గారూ, ఇది చదివి వినిపించాను. "రాజప్రాసాదము, రాజు ప్రాసాదము" అని ఇల్లంతా తిరుగుతోంది.

డాలస్_బాబు
"రాజప్రా", "రాజు ప్రా" తేడా స్పష్టంగా వినిపిస్తోంది పంతులు గారూ. ఇంకో సందేహం. "ము" పాదం చివర ఉంది. సంస్కృత శ్లోకాల్లో పాదం చివరి లఘువుని గురువుగా తీసుకోవచ్చంటారు. ఇక్కడ ఆ వీలు లేదా?

పాతబడి_పంతులు
కందంలో లేదు. ఒకటి, మూడు పాదాల చివర అసలు ఆగం. కందం మొదటి పాదం, రెండో పాదం కలిపి ఒకే పరుగు. ఆగేది రెండో పాదం చివర, అక్కడ ఎలాగూ గురువే ఉండాలని నియమం.

కృష్ణలంక_కుర్రాడు
ఆగడం గురించే అడుగుతున్నా. రెండో లైను చివర "దా" ఏంటి, మూడో లైను మొదట "నెక్కినఁ" ఏంటి? "తానెక్కిన" అన్న మాటని మధ్యలో కత్తిరించారు కదా. మా తమ్ముడు దీన్ని "దా, నెక్కిన" అని విడివిడిగా బట్టీ పట్టాడు. "నెక్కడం అంటే ఏంటన్నయ్యా" అని అడుగుతున్నాడు.

వీణపాట
ఆ కత్తిరింపు నాకు చాలా ఇష్టం. కాస్త ఓపిగ్గా చదవండి, నాలుగు పాదాలూ విప్పుతాను. గ అంటే గురువు, ల అంటే లఘువు.

అక్కర (గలల) | కురాని (లగల) | చుట్టము (గలల)
మ్రొక్కిన (గలల) | వరమీ (లలగ) | నివేల్పు (లగల) | మోహర (గలల) | మునఁ దా (లలగ)
నెక్కినఁ (గలల) | బారని (గలల) | గుఱ్ఱము (గలల)
గ్రక్కున (గలల) | విడువం (లలగ) | గవలయు (లలలల) | గదరా (లలగ) | సుమతీ (లలగ)

ప్రతి గణం నాలుగు మాత్రలు. మొదటి పాదం మూడు గణాలు, రెండో పాదం ఐదు. రెండూ కలిపితే ఎనిమిది గణాలు, 32 మాత్రలు. మిగతా సగం కూడా అంతే. కందంలో వాడదగ్గ గణాలు ఐదే: గగ, భ (గలల), జ (లగల), స (లలగ), నల (లలలల). వీటిలో జగణం బేసి స్థానాల్లో రాకూడదు. ఆరో గణం మాత్రం జగణమో నలమో అయి తీరాలి. పై పద్యంలో ఆరో గణాలు "నివేల్పు" (జ), "గవలయు" (నల). సరిగ్గా ఉన్నాయి. ఎనిమిదో గణం చివర గురువు ఉండాలి: "దా", "తీ".

ఇప్పుడు కుర్రాడి ప్రశ్న. ప్రాస అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకటే హల్లు కావడం. ఇక్కడ ప్రాస "క్క". అక్క, మ్రొక్కి, నెక్కి, గ్రక్కు. "తానెక్కినఁ" అన్న మాటని "తా" తర్వాత తెంపితే ఒకేసారి రెండు పనులు జరిగాయి. రెండో పాదానికి కావలసిన చివరి గురువు "దా" రూపంలో దొరికింది (ముందు మాట చివరి న్, అంటే ద్రుతం వల్ల "తా" కాస్తా "దా" అయింది). మూడో పాదానికి కావలసిన "క్క" సరిగ్గా రెండో అక్షరంగా వచ్చి కూర్చుంది. తెలుగు పద్యంలో మాట పాదం దాటి పోవచ్చు. కవులు దాన్ని హాయిగా వాడుకున్నారు. మీ తమ్ముడికి చెప్పండి, "మోహరమున తాను ఎక్కిన", అంటే యుద్ధంలో తాను ఎక్కినప్పుడు పరిగెత్తని గుర్రం అని.

కృష్ణలంక_కుర్రాడు
అబ్బ. ఇలా ఎవరూ చెప్పలేదు.

నల్లమల
కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు అని ఊరికే అనలేదు పెద్దలు. ఈ నియమాలన్నీ పాటిస్తూ గుర్రం, దేవుడు, చుట్టం ముగ్గుర్నీ నాలుగు లైన్లలో పట్టించడం మాటలా!

కరీంనగర్_కవిత
వీణపాట గారూ, యతి వదిలేశారు.

వీణపాట
వస్తున్నా. కందంలో యతి రెండు, నాలుగు పాదాల్లోనే. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి, అంటే ధ్వనిలో పొందిక కుదరాలి. రెండో పాదంలో మ్రొ, మో. నాలుగో పాదంలో గ్ర, గ. చూడండి, "మోహరమున" దగ్గర దేవుడి సంగతి అయిపోయి గుర్రం సంగతి మొదలైంది. "గదరా" దగ్గర చెప్పాల్సింది ముగిసి సుమతిని పిలవడం మొదలైంది. రెండు చోట్లా యతి పడ్డచోటే భావం కూడా మలుపు తిరిగింది. అలా ఉండాలని నియమమేమీ లేదు. తెలుగు యతికి అక్షరాల మైత్రి కుదిరితే చాలు, మాట అక్కడ విరగనక్కర్లేదు. కానీ రెండూ కలిసినప్పుడు పద్యం నోట నిలిచిపోతుంది.

ఒంటిమిట్ట_వాసి
అందరూ క్షమించాలి, నాదొక అభ్యంతరం. పిల్లలకు ఈ గలలల లెక్కలు ఎందుకు? పద్యం రాగయుక్తంగా పాడించి, అర్థం చెప్పి వదిలేయొచ్చు. నేను చూసిన పిల్లలు చాలామంది పద్యం అంటేనే భయపడటానికి కారణం ఈ గణవిభజన ప్రశ్నే. "యమాతారాజభానసలగం" అని గణాల సూత్రం బట్టీ కొట్టి, పరీక్ష అయ్యాక మర్చిపోతారు. పోతన పద్యం విని కళ్ళు చెమర్చడానికి గణాలు తెలియాలా?

పాతబడి_పంతులు
తెలియక్కర్లేదు. పాడించకుండా గణాలు మాత్రమే రాయించడం తప్పని నేనూ అంటాను. మీ బాధ న్యాయమైంది.

కరీంనగర్_కవిత
నేను ఒప్పుకోను ఒంటిమిట్ట గారూ. కళ్ళు చెమర్చడానికి అవసరం లేదు, నిజమే. కానీ ఎందుకు చెమర్చాయో తెలుసుకోవాలనే పిల్లలు కూడా ఉంటారు. మీరు పోతన పేరెత్తారు కాబట్టి ఆయన కందమే తీసుకుందాం.

పలికెడిది భాగవతమట
పలికించెడివాఁడు రామభద్రుండఁట నేఁ
బలికిన భవహరమగునఁట
పలికెద వేఱొండు గాథ బలుకఁగ నేలా

ప్రాస "ల" కావాలి. సామాన్యంగా అయితే "ల" రెండో అక్షరంగా ఉన్న నాలుగు వేర్వేరు మాటలు వెతుక్కుంటాం. పోతన వెతకలేదు. ఒకే క్రియని నాలుగు పాదాల తలల మీదా పెట్టాడు. పలికెడిది: పలికే వస్తువు. పలికించెడివాడు: పలికించే దేవుడు. నేఁ బలికిన: పలికితే కలిగే ఫలం. పలికెద: కవి నిర్ణయం. ప్రాస నియమం ఇక్కడ పద్యానికి వెన్నెముక అయింది. ఇంకా చూడండి, నాలుగో పాదంలో యతి ఎక్కడ పడింది? "పలికెద" లోని "ప"కి "బలుకఁగ" లోని "బ". యతి కూడా ఆ క్రియ మీదే! మొదటి మూడు పాదాల్లో "అట, అట, అట". నాలుగో పాదంలో "అట" లేదు, "పలికెద" అని తేల్చేశాడు. గణాల లెక్క వేస్తూ పాదాలు ఒకదాని కింద ఒకటి రాసుకున్నప్పుడే నాకు ఇవి కనిపించాయి. ఊరికే పాడుకున్నన్నాళ్ళూ కనిపించలేదు.

ఒంటిమిట్ట_వాసి
ఈ పద్యం మా ఇంట్లో రోజూ వినబడేది. "అట" మూడే సార్లు అని, నాలుగో పాదంలో లేదని ఇప్పుడే గమనిస్తున్నా. అయినా నా మాట నాదే, పాట ముందు, లెక్క తర్వాత.

డాలస్_బాబు
ఈ పద్యం మీద నాదో ప్రశ్న. రెండో పాదం విప్పాను.

పలికిం (లలగ) | చెడివాఁ (లలగ) | డు రామ (లగల) | భద్రుం (గగ) | డఁట నేఁ (లలగ)

"రామభద్రుండఁట" బదులు "రామచంద్రుండఁట" అని పెట్టినా గణాలు అచ్చంగా సరిపోతాయి. "చంద్రుం" కూడా గగమే. అందరం ఎక్కువగా అనేది రామచంద్రుడనే. మరి భద్రుడు ఎందుకు? యతి కోసమేగా? పాదం మొదట "ప" ఉంది. ప, భ ఒకే వర్గం, కాబట్టి మైత్రి ఉంది. "చ" అయితే యతి చెడుతుంది. అంటే దేవుడి పేరుని కూడా యతే నిర్ణయించిందన్నమాట.

కృష్ణలంక_కుర్రాడు
అదిరింది బాబన్నా, మంచి పాయింట్.

కరీంనగర్_కవిత
గణాలు, యతి మీరు చెప్పినట్టే ఉన్నాయి. "నిర్ణయించింది" అనే మాట మాత్రం కుదరదు. ఈ పద్యానికి కొంచెం ముందు భాగవతం పీఠికలోనే వచనం ఉంది. పోతన ధ్యానంలో ఉండగా రాముడు కనిపించి "యేను రామభద్రుండ, మన్నామాంకితంబుగా శ్రీమహాభాగవతంబుఁ దెనుంగు సేయుము, నీకు భవబంధంబులు దెగు" నంటాడు. అది వచనం. అక్కడ యతి లేదు, ప్రాస లేదు, ఏ పేరైనా వాడొచ్చు. అక్కడే రాముడు తన పేరు రామభద్రుడని చెప్పుకున్నాడు. కందంలో పోతన ఆ పేరునే తిరిగి చెబుతున్నాడు. "భవబంధంబులు దెగు" అన్నది "భవహరమగునఁట" అయింది. ఆ "అట" ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. రాముడు చెప్పగా విన్నవే ఇవన్నీ.

డాలస్_బాబు
వచనం దాకా నేను వెళ్ళలేదు కవిత గారూ. చాలా బాగుంది. అయినా ఒకటి అడుగుతా: ఆ పేరు ముందే సిద్ధంగా ఉంది కాబట్టి పాదాన్ని "ప"తో ఎత్తుకున్నాడా, "ప" ఎలాగూ ఉంది కాబట్టి పేరు అక్కడ కుదిరిందా?

కరీంనగర్_కవిత
అది పోతనకే తెలుసు. నాకు ఇంతవరకే కనిపిస్తోంది: "పలికించెడివాఁడు" మొదటి అక్షరం, "భద్రుండు" మొదటి అక్షరం, ఈ రెంటినీ యతి ముడి వేసింది. పలికించేవాడు ఎవరంటే భద్రుడు. అర్థంలో ఉన్న బంధమే ధ్వనిలోనూ ఉంది. వీణపాట గారు సుమతి పద్యంలో చూపించిన దానికీ దీనికీ తేడా కూడా చూడండి. అక్కడ యతి దగ్గర భావం మలుపు తిరిగింది. ఇక్కడ రెండో పాదంలో యతి "రామభద్ర" అనే సమాసం నడుమ పడింది, ఎక్కడా విరగదు.

వీణపాట
నాలుగో పాదంలో మాత్రం "గాథ" దగ్గర విరిగి "బలుకఁగ నేలా" అని కొత్త వాక్యం ఎత్తుకుంది. అక్కడ యతి, మలుపు రెండూ కలిశాయి. రెండో పాదం సాఫీగా పారి, నాలుగో పాదం విరగడం వల్లే ఆ ప్రశ్న అంత గట్టిగా తగులుతుంది.

గంటస్తంభం
ఇంతసేపూ చదివాను. యతిప్రాసలు లేకుండా కవిత్వం లేదన్నట్టు నడుస్తోంది చర్చ. శ్రీశ్రీ "ఛందో బందోబస్తులు" తెంచమన్నాడు. అంతకు ముందే మా విజయనగరంలో గురజాడ ముత్యాలసరం అనే మాత్రల నడక పట్టుకుని కందాన్నీ, ఉత్పలమాల లాంటి వృత్తాల్నీ పక్కన పెట్టాడు.

పాతబడి_పంతులు
నాయనా, వృత్తాలు పక్కన పెట్టాడు, లయ పక్కన పెట్టలేదు. మీ ఊరి గీతమే విప్పండి.

దేశ | మునుప్రే | మించు | మన్నా
మంచి | యన్నది | పెంచు | మన్నా

మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మూడు, నాలుగు. పాదానికి 14. ఎక్కడా జారలేదు. "వట్టి మాటలు కట్టి పెట్టోయ్" తీసుకోండి. వట్టి, కట్టి: రెండో అక్షరం "ట్టి" కలిసింది. మూడో గణం ఎత్తుకునే చోటే "కట్టి" వచ్చింది. తర్వాతి పాదం "గట్టి"తో మొదలైంది. ప్రాస పోలేదు, పాదం లోపల చెయ్యి కలిపింది.

ఇంకో సంగతి, మణిపూస గారమ్మాయికి పనికొస్తుంది. "దేశమును ప్రేమించు"లో "ను" తర్వాత "ప్రే" ఉంది. "ను" గురువైతే రెండో గణం ఐదు మాత్రలై నడక తడబడుతుంది. లఘువు కాబట్టే "మునుప్రే" నాలుగు. సుమతి పద్యానికి ఏ న్యాయమో గురజాడ గేయానికీ అదే.

గంటస్తంభం
"ను" సంగతి నాకు తట్టలేదు. ఊళ్ళో ఆగస్టు పదిహేనుకి పిల్లలు పాడుతుంటే ఎప్పుడూ తేలిగ్గానే వినబడుతుంది, నిజం.

నల్లమల
శ్రీశ్రీ సంగతి నేను చెబుతా. "మరో ప్ర | పంచం | మరో ప్ర | పంచం" నాలుగేసి మాత్రల నడక. "పదండి | ముందుకు | పదండి | తోసుకు" కూడా అదే. కందంలో ఉన్న నాలుగు మాత్రలే! పైగా ఆయనే "సిరిసిరిమువ్వా" అని మకుటం (ప్రతి పద్యం చివర తిరిగి వచ్చే మాట) పెట్టి కందాలు రాశాడు. "సిరిసిరి" నలం, "మువ్వా" గగం. కందం చివరి రెండు గణాల్లో చక్కగా ఇమిడింది. తెంచినవాడికి ముడి వేయడం బాగా వచ్చు.

గంటస్తంభం
సరే, ఇది నాకు నచ్చింది. ముడి తెలిసి తెంచడం వేరు.

మణిపూస
పిల్ల ఇప్పుడు వేమన పద్యానికి చేస్తోంది. మొదటి పాదంలో ఇరుక్కుంది. "ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు". గణాలు వచ్చాయి. ఉప్పు, కప్పు, రంబు సూర్యగణాలు (గల లేదా లలల), "నొక్కపో" రగణం (గలగ), "లికనుండు" సలం (లలగల), ఈ రెండూ ఇంద్రగణాలు. ఈ పద్యం ఆటవెలది కదా, దాని బేసి పాదానికి మూడు సూర్య, రెండు ఇంద్ర గణాలు సరిపోయాయి. కానీ యతి "ఉ"కీ "నొ"కీ ఎలా కుదిరింది? ఒకటి అచ్చు, ఇంకోటి హల్లు.

వీణపాట
"నొ"లో న్ అక్కడి సొంతది కాదు. "కప్పురంబున్ + ఒక్క" కలిసి "కప్పురంబు నొక్క" అయింది. యతి చూసేటప్పుడు సంధి విడదీసి "ఒ"ని చూడాలి. ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు. ఉ–ఒ మైత్రి ఉంది.

రెండో పాదంలో ఇంకో రకం ఉంది, వెతకమనండి: "చూడఁజూడ రుచుల జాడ వేఱు".

మణిపూస
వెతికింది. చూ, జా. చ–జ కుదిరినా ఊ–ఆ కుదరదంటోంది. కానీ "చూడ", "జాడ" రెంటిలో "డ" ఉందట. ఇది ప్రాస కదా, యతి ఎలా అవుతుందని అడుగుతోంది.

పాతబడి_పంతులు
శభాష్! అదే ప్రాసయతి. అక్షరమైత్రి కుదరనప్పుడు రెండో అక్షరాలు కలిపితే చాలు. ఆటవెలది, తేటగీతి, సీసాల్లో ఈ వెసులుబాటు ఉంది. వాటికి పాదాల మధ్య ప్రాస నియమం లేదు కాబట్టి ప్రాసని ఇలా యతికి వాడుకోవచ్చు. కందంలో, వృత్తాల్లో ప్రాస తప్పనిసరి, అక్కడ ప్రాసయతి చెల్లదు. వేమన ఒకే పద్యంలో ఒక పాదం అచ్చుల మైత్రితో, ఒక పాదం ప్రాసయతితో నడిపాడు. మూడో పాదం "పురుషులందు"కి "పురుషులు", నేరుగా అదే అక్షరం.

కృష్ణలంక_కుర్రాడు
నాలుగోది "విశ్వ", "వినుర". ఇది నాకూ తెలుసు.

వీణపాట
ఆ నాలుగోదాని గురించి ఒక మాట. ఆ మకుటం తనంతట తానే ఒక పూర్తి పాదం. విశ్వ, దాభి, రామ, వినుర, వేమ: ఐదూ సూర్యగణాలు, యతి కూడా లోపలే ఉంది. అంటే వేమన చెప్పాల్సిందంతా మూడు పాదాల్లోనే చెప్పాలి. మొదటి రెండు పాదాల్లో పోలిక, మూడో పాదంలో అసలు మాట. బ్రౌన్ 1829లో అచ్చు వేయించిన పద్యాల నుంచి ఇప్పటిదాకా జనం నోళ్ళలో నిలిచింది ఈ కుదింపు వల్లనే అని నా నమ్మకం.

ఒంటిమిట్ట_వాసి
మకుటాల మీదికి వచ్చారు కాబట్టి, నాకు ప్రాణమైనది అడుగుతాను. దాశరథీ శతకం. "దాశరథీ కరుణాపయోనిధీ" అనేది చాలా పొడవైన మకుటం. అది పాదంలో ఎక్కడ కూర్చుంటుంది?

కరీంనగర్_కవిత
"పాట ముందు, లెక్క తర్వాత" అన్నారుగా, ఇప్పుడు లెక్క అడుగుతున్నారు :) సంతోషం. మకుటం 11 అక్షరాలు. దాశర, థీకరు, ణాపయో, నిధీ: భ, భ, ర, వ. ఈ శతకంలో వచ్చే ఉత్పలమాల గణాలు భ ర న భ భ ర వ (న అంటే లలల, వ అంటే లగ). కాబట్టి మకుటం చివరి నాలుగు గణాల్లో కూర్చుంటుంది. ఉత్పలమాలకి 20 అక్షరాలు. అందులో 11 తీసేస్తే 9. అంటే "దా" పదో అక్షరం. ఉత్పలమాలలో యతి స్థానం ఏది? పదో అక్షరమే!

డాలస్_బాబు
ఆగండి. అంటే చివరి పాదం ఎప్పుడూ "దా"కి మైత్రి ఉన్న అక్షరంతోనే మొదలవ్వాలి.

కరీంనగర్_కవిత
అవును. శతకంలో ప్రతి పద్యంలోనూ. మొదటి పద్యం చివరి పాదం "త్తారకనామ భద్రగిరి దాశరథీ కరుణాపయోనిధీ". త్తా–దా. చంపకమాలకైనా ఇదే. చంపకమాల అంటే ఉత్పలమాల మొదటి గురువు చోట రెండు లఘువులు, మిగతాదంతా అదే. అక్షరాలు 21, యతి 11వ అక్షరం. 21లో 11 పోతే 10, మకుటం మళ్ళీ 11వ అక్షరం దగ్గరే ఎత్తుకుంటుంది. రామదాసు ఈ షరతు పెట్టుకుని శతకం అంతా నడిపాడు.

ఒంటిమిట్ట_వాసి
"భండనభీముఁ డార్తజన బాంధవుఁ" పద్యం గుర్తు చేసుకుంటున్నా. చివర "మత్తవే / దండము నెక్కి చాటెదను దాశరథీ కరుణాపయోనిధీ". దం–దా. కుదిరింది!

కృష్ణలంక_కుర్రాడు
ఇదీ కత్తిరింపే! "వేదండము" ఒకే మాట కదా? "దా / నెక్కిన" లాగే తెంపారు.

పాతబడి_పంతులు
కనిపెట్టావు తమ్ముడూ. వేదండము అంటే ఏనుగు. "వే" దగ్గర తెంపితే పాదం "దం"తో మొదలైంది, మకుటంలోని "దా"కి యతి దొరికింది. రెండో అక్షరం "ండ", పద్యం మొత్తానికి ఉన్న ప్రాస అదే: భండన, దండ, రెండవ, డాండ, దండము. చివరి గురువు "వే" పై పాదానికి చేరింది. ఒక్క తెంపుతో మూడు పనులు.

మణిపూస
పంతులు గారూ, మీరు ఐదు చెప్పారు. భండన, దండ, రెండవ, డాండ, దండము. పాదాలు నాలుగే ఉండాలి కదా?

పాతబడి_పంతులు
ఆ పద్యానికి ఐదు పాదాలే. వృత్తానికి నాలుగు పాదాలని నియమం ఉన్నా తెలుగు కవులు అప్పుడప్పుడు ఇంకో పాదం కలిపారు. ఉత్సాహం ఎక్కడ ఆగితే అక్కడ ఆపారు. ఏనుగునెక్కి భేరి మోగించి చాటుతానంటున్నాడు కదా, ఆ చప్పుడుకి నాలుగు చాల్లేదు.

ఒంటిమిట్ట_వాసి
చివరి పాదం నేనే విప్పాను, చూసి చెప్పండి. దండము (భ), నెక్కిచా (ర), టెదను (న), దాశర (భ), థీకరు (భ), ణాపయో (ర), నిధీ (వ).

కరీంనగర్_కవిత
అక్షరం పొల్లు పోలేదు. ఇక "భండనభీముఁ డార్తజన" పాదం కూడా విప్పండి. యతి భం–బాం దగ్గర పడుతుంది. "ముఁ డార్త" దగ్గర "డా" గురువు కావడానికి ఎన్ని కారణాలున్నాయో అమ్మాయిని కూడా అడగండి మణిపూస గారూ.

మణిపూస
రెండట. దీర్ఘం ఒకటి, తర్వాత "ర్త" ఒకటి. అది ఒకే మాట లోపల ఉంది కాబట్టి చెల్లుతుందని కూడా చెప్పింది.